వనభోజనాల్లో ఇంటిపేరు

శ్యామసుందరికి డెబ్భై దాటాయి. సిడ్నీలో, రౌస్ హిల్‌లో కొడుకు ఆదర్శ్ దగ్గర ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు పాలమూరు రాళ్ళ క్వారీల్లో వెట్టి చేసేవాళ్ళని విడిపించడానికి కాళ్ళరిగేలా తిరిగిన మనిషి. అప్పట్లో ఆమె పక్కనే నడిచిన వాసుదేవరావు ఇప్పుడు పెర్త్‌లో ఉన్నాడు. ఇద్దరూ ఈమెయిళ్ళలో పోట్లాడుకుంటూనే ముసలివాళ్ళయ్యారు. చట్టం వచ్చింది, ఓటు వచ్చింది, ఇంకేం కావాలని ఆమె వాదన. పక్కన కూర్చోనిస్తున్నారా అని ఆయన ప్రశ్న.

ఈ కార్తీకంలో ఆ పోట్లాట ముదిరింది. ఆదర్శ్ కులంవాళ్ళు పార్కులో తమవాళ్ళకి మాత్రమే వనభోజనాలు పెట్టుకుని, ముఖ్య అతిథిగా ఆమె పేరు వేశారు. వాసుదేవరావు ఊరుకుంటాడా? "నువ్వు అక్కడ కూర్చుని తిన్నాక మనం రాసుకునేది ఏముంది సుందరీ? ఇక రాయను" అని పంపాడు. అన్నంత పనీ చేసే మనిషి. ఆమెకి భయం పట్టుకుంది. కొడుకు మాట కాదనలేకపోయింది, ఆయన్ని వదులుకోలేకపోయింది.

చివరికి తనకి మహా గొప్పగా తోచిన ఉపాయం ఒకటి పన్నింది. ఆదర్శ్ ఆఫీసులోనే పనిచేసే వంశీధర్‌ని వెంటబెట్టుకుని వెళ్ళింది. అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని తింటే ఇక వాసుదేవరావు ఏమీ అనలేడని ఆమె లెక్క. అతని తల్లి ఆ క్వారీల నుంచి బయటపడ్డ మనిషే. ఇవి ఎవరి భోజనాలో మాత్రం పాపం అతనికి చెప్పలేదు.

వరసలో నిలబడ్డారు. పులిహోర వడ్డిస్తున్న పెద్దాయన నవ్వుతూనే అడిగాడు.

"బాబూ, మీ ఇంటిపేరేమిటి?"

మనవాళ్ళు పరాయి దేశంలో కులం అడగరు, మర్యాదస్తులు. ఇంటిపేరు అడుగుతారు. ఆదర్శ్ ఎటో చూస్తున్నాడు. గరిటె గిన్నెలోనే ఆగిపోయింది.

"మావాడేనండీ. మా ఇంటిపేరే" అనేసింది శ్యామసుందరి గభాలున.

గరిటె కదిలింది. వంశీధర్ ప్లేటు వెనక్కి తీసుకున్నాడు.

"నాకు ఇంటిపేరుంది ఆంటీ" అన్నాడు. గొంతు పెంచలేదు. ఇంటిపేరు చెప్పాడు, ఊరు చెప్పాడు. "మా అమ్మ క్వారీల వెట్టి చేసింది. ఆమెనే ఆ సంగతి ఎన్నడూ హైడ్ చెయ్యలే. నేనెందుకు చేస్త?"

ఖాళీ ప్లేటు బల్ల మీద పెట్టి కారు వైపు నడిచాడు. ఎవరూ ఆపలేదు. ఆమె కూడా ఆపలేదు.

సాయంత్రం వాసుదేవరావుకి రాయడానికి కూర్చుంది. తనని తాను సమర్థించుకోబోయి, సిగ్గేసి అంతా చెరిపేసింది.

"వంశీధర్‌ని వెంటబెట్టుకుని వెళ్ళాను వాసూ. వాళ్ళు అతని ఇంటిపేరు అడిగారు. దాన్ని దాచబోయింది మాత్రం నేను. నువ్వు ఇక రాయకపోయినా నేనేమీ అనను."

జవాబు రాదనే అనుకుంది. వచ్చింది.

"ఇది నాకెందుకు రాశావు? అతనికి రాయి."