వసుంధర మేడం, మా కాలనీ కంప్యూటర్లు

పెన్‌డ్రైవ్ గుచ్చగానే కంప్యూటర్ చేసే ఆ రెండు స్వరాల చిన్న చప్పుడు వినిపిస్తే చాలు, నేను ఏ పనిలో ఉన్నా తల ఎత్తుతాను. మొన్న కూడా అదే జరిగింది. కరీంనగర్‌లో నేను కంప్యూటర్ల బాధ్యత చూసే ఆసుపత్రిలో, కొత్తగా చేరిన అమ్మాయి ఇంటి నుంచి తెచ్చుకున్న పెన్‌డ్రైవ్‌ను బిల్లుల కౌంటర్ దగ్గర గుచ్చింది. గదికి ఆ చివరన ఉన్న నేను ఆమె ఇంకా మౌస్ పట్టుకోకముందే పక్కకు వెళ్లి నిలబడ్డాను. "అక్కా, నీకు ఇంత దూరం ఎట్ల ఇనవడ్డది?" అని ఆశ్చర్యపోయింది. ఏమని చెప్పను? ఈ చెవులు నాకు గోదావరిఖనిలో వసుంధర మేడం ఇచ్చారు. ఆమె గురించి చెప్పాలంటే ప్రత్యేక రాష్ట్రం రాకముందు రోజులకు, మా బొగ్గుగనుల కంపెనీ క్వార్టర్లలోకి ఒక్కొక్కటిగా కంప్యూటర్లు దిగుతున్న కాలానికి వెళ్లాలి.

మా బాపు భూగర్భ గనిలో బొగ్గు తీసే కార్మికుడు. నేను డిగ్రీలో చేరిన ఏడాది, బిడ్డ చదువుకు అక్కరకొస్తుందని ఇంటికి కంప్యూటర్ తెచ్చాడు. దాన్ని దేవుడి పటాల కింద పెట్టి, మా అమ్మ కుట్టిన ముసుగు తొడిగి, ఇంటికి వచ్చినవాళ్లందరికీ ముసుగెత్తి చూపించేవాళ్లం. కంప్యూటర్ నేర్చుకోవడానికి నేను పక్క వీధిలోని ఒక చిన్న శిక్షణ కేంద్రానికి వెళ్లేదాన్ని. అక్కడి పంతులమ్మే వసుంధర మేడం. మంథనిలో పాతకాలం నుంచి ఉన్న కుటుంబం. తండ్రి, అన్నలు అందరూ బడిపంతుళ్లే. భర్త కంపెనీ ఆఫీసులో గుమాస్తా. మనిషి సన్నగా, పొట్టిగా ఉండేవారు. మాట మాత్రం ఆగేది కాదు. పాఠం చెప్తూ చెప్తూ ఉత్సాహం పట్టలేక సుద్దముక్కతోనే గాలిలో రాసేసేవారు. కంప్యూటర్ మొరాయిస్తే మిగతావాళ్లు విసుక్కునేవాళ్లు, ఆమె ముఖం వెలిగిపోయేది. "దొరికింది, దొరికింది, అందరు ఇటు రాండ్రి" అని క్లాసంతటినీ చుట్టూ చేర్చుకునేవారు. చెడిపోయిన దాన్ని చూసి అంత సంతోషపడే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఆమె మా ఇంటికి మొదటిసారి రావడానికి కారణం మా బాపే. ఆయనకు పాత పాటలంటే ప్రాణం. ఒక మధ్యాహ్నం షిఫ్టు దిగి వచ్చాక, పాటలు దొరికే పేజీ ఒకటి తెరిచి ఇచ్చి నేను వంటింట్లోకి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి తెర ఎర్రగా మారి ఉంది. పెట్టె వెనక పెట్టె లేస్తోంది. మీ కంప్యూటర్ నిండా వైరస్‌లున్నాయి, వెంటనే ఈ మందు దింపుకోండి, డబ్బు కట్టడానికి మీ కార్డు నంబరు కొట్టండి అని ఒకటే హెచ్చరికలు. ఏది మూసినా మరొకటి వస్తోంది. బాపు చెమటలు పట్టి నిలబడి ఉన్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, కానీ డేంజర్ అన్న మాట గని బోర్డుల మీద చూసి చూసి బాగా తెలుసు. తెర మీద ఆ మాట ఎర్రగా కొట్టుకుంటుంటే, కింద కనిపించిన మీట నొక్కేశాడు. గనిలో ప్రమాదమన్న మాటను పట్టించుకోని వాళ్లు ఏమయ్యారో ఆయన కళ్లారా చూశాడు మరి.

నేను పరుగెత్తి మేడంను పిలుచుకొచ్చాను. ఆమె స్కూటీ దిగీ దిగగానే లోపలికొచ్చి, తెర వైపు కూడా చూడకుండా ముందు ఇంటర్నెట్ తీగ పీకేశారు. తర్వాతే కుర్చీలో కూర్చున్నారు.

"నేనే నొక్కిన మేడం. బిడ్డ తప్పేం లేదు," అన్నాడు బాపు.

"మంచిగ చేసిండ్రన్నా. డేంజర్ అని కనవడితే ఊకుంటమా?"

బాపు మెల్లగా అడిగాడు. "మరి నిజంది ఏదో, అబద్ధంది ఏదో మాకెట్ల ఎరుకైతది?"

"గనిల మీకు డేంజర్ అని చెప్పేటోడు ఎవడు? మీకు తెలిసిన మనిషే గద. పేరు తెలుసు, ఇల్లు తెలుసు. వీని మొఖం ఎవలు చూసిండ్రు? వాడే భయపెడుతడు, వాడే మందు అమ్ముతడు. గసుంటోని మాట ఇనద్దు. పెట్టెను మూసుడు కూడ వద్దు, మూసే గుర్తు కూడ వాడు పెట్టిందే ఉంటది. తీగ పీకి నన్ను పిలువుండ్రి."

ఆ దొంగ మందును ఊడబెరకడం నాకు ఏదో వేట చూసినట్టే ఉంది. మామూలుగా తెరిస్తే అది కూడా లేస్తుంది కాబట్టి, అవసరమైనవి మాత్రమే లేచే పద్ధతిలో కంప్యూటర్‌ను మళ్లీ మొదలుపెట్టించారు. అది ఎక్కడెక్కడ దాక్కుందో ఒక్కొక్కటీ చూపించారు. తాను చేయకుండా మౌస్ నా చేతికిచ్చి పక్కన కూర్చుని, "అదిగో, అగో తోక కనవడుతుంది, పట్టు" అని అరిచినంత పని చేశారు. చివరగా తన దగ్గరున్న సీడీతో డిస్కంతా వెతికించి, బాపు కోసం వేరే ఖాతా తెరిచారు. అందులో పాటలు వినవచ్చు, చూడవచ్చు, కొత్తదేదీ లోపల పెట్టలేరు. బాపు కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

"గనిల పేలుడు మందు గది తాళం అందరికిస్తరా అన్నా?" అన్నారామె.

"ఇయ్యరు. ఇస్తే ఇంకేమన్న ఉన్నదా?" అని బాపు నవ్వాడు. ఆ రోజు నుంచి ఆయన మేడంకు పెద్ద భక్తుడయ్యాడు. నేను కూడా. డిగ్రీ కాగానే టీచరు కోర్సు చేద్దామనుకుంటున్న నా ఆలోచన ఆ మధ్యాహ్నమే పక్కకు జరిగిందనుకుంటాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు కాలనీలో కొత్త బెడద మొదలైంది. నెట్ సెంటర్ల నుంచి పాటలూ ఫోటోలూ పెన్‌డ్రైవ్‌లలో ఇంటింటికీ తిరిగేవి. వాటితోపాటు ఒక వైరస్ కూడా తిరిగింది. మా వరసలోనే ఉండే సరోజనక్క ఇంట్లోకి కూడా అది చేరింది. ఆమె భర్త మల్లేశన్న గనిలో పైకప్పు కూలి చనిపోయి అప్పటికి ఏడాది దాటలేదు. ఆయనకు ఫోటోల పిచ్చి. చిన్న కెమెరా కొనుక్కుని కూతురు పుట్టినప్పటి నుంచి తీసినవన్నీ కంప్యూటర్‌లోనే దాచాడు. కాగితం మీదికి తెచ్చినవి ఒకటో రెండో. ఒకరోజు పొద్దెక్కాక సరోజనక్క మా ఇంటికొచ్చి గోడకానుకుని కూర్చుంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఆయన ఫోటోలన్ని పోయినయట, స్వరూపా. వైరస్ తిన్నదట. మొత్తం తుడిచి కొత్తగ ఎక్కిస్తే గాని బాగుగాదట. ఇగ ఏంజేస్త, సరే అన్న. బజార్ల దుకాన్ల ఇచ్చిన."

ఆమెను లేపి చెయ్యి పట్టుకుని మేడం దగ్గరికి పరుగెత్తించాను. పాఠం మధ్యలో ఉన్న మేడం మా మాట సగమే విని సుద్దముక్క బల్ల మీద పడేశారు. ఒక్క స్కూటీ మీద ముగ్గురం. బొగ్గు టిప్పర్ల పక్కనుంచి, దుమ్ములోంచి ఆమె బండి నడిపిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ నా వేళ్లు బిగుసుకుంటాయి. రైల్వే గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు పడింది. బొగ్గు వ్యాగన్లు మెల్లగా కదులుతున్నాయి. ఎంతకీ తెగవు. సరోజనక్క నా భుజం వదలలేదు.

"తుడుసుడు మొదలువెట్టి ఉంటే ఎట్ల మేడం?" అన్నాను.

"మొదలువెట్టి ఉంటే అప్పుడు ఫికర్ చేద్దాం. ఇప్పుడు గేటు చూడు, లేస్తున్నదా?"

దుకాణం చేరేసరికి సరోజనక్క కంప్యూటర్ తెర నీలంగా ఉంది. ఏ భాగాన్ని తుడిచేయాలో అడుగుతూ ఒక్క మీట కోసం ఎదురుచూస్తోంది. దుకాణం నడిపే రాజు ఆ మీట నొక్కే ముందు టీ తాగుదామని పక్క హోటల్‌కు వెళ్లాడు. మమ్మల్ని చూసి గ్లాసుతోనే పరుగెత్తుకొచ్చాడు. మేడం అతన్ని ఒక్క మాట అనలేదు. "తమ్ముడూ, జర ఆగు. నువ్వు కూడ కూసో, ఇద్దరం కలిసి చూద్దాం," అని స్టూల్ జరిపారు.

రాజు పెట్టిన సీడీ తీసి కంప్యూటర్‌ను తెరిచాక, ఫోటోలుండే డ్రైవ్ ఎంత నిండి ఉందో చూపే గుండ్రటి బొమ్మ చూశారామె. దాదాపు మొత్తం నీలమే. అంటే నిండి ఉంది. కానీ తెరిస్తే లోపల ఉన్నవి కొన్ని ఉత్తుత్తి ఫోల్డర్లే, నొక్కితే ఏమీ రాదు. ఆమె ముఖం వెలగడం నేను చూశాను.

"సంచి ఇంత బరువున్నది. మరి ఖాళీది ఎట్లయితది? ఇవి ఫోల్డర్లు కావు, ఫోల్డర్ బొమ్మ తొడుక్కున్న వైరస్‌లు. అసలువి ఇక్కడనే ఉన్నయి, దాసిపెట్టింది."

తన సీడీతో కంప్యూటర్ లేపి ముందు వైరస్‌ను పూర్తిగా ఏరేశారు. రాజు ఆమె భుజం మీదుగా వంగి ప్రతి అడుగూ అడిగి తెలుసుకున్నాడు. తర్వాత నల్ల తెర ఒకటి తెరిచి, దాచిన గుర్తును తీసేసే ఆజ్ఞ ఒక్క వరుస కొట్టారు. కొట్టి, ఎంటర్ నొక్కకుండా లేచి, సరోజనక్కను కుర్చీలో కూర్చోబెట్టారు.

"నాకేం తెలుసు మేడం?"

"ఈ పెద్ద మీట ఒక్కటి నొక్కు. చాలు."

ఆమె నొక్కింది. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఒక ఫోల్డర్ లేచింది. దాని పక్కన ఇంకొకటి. పాప పుట్టుక, మేడారం, మందమర్రి అత్తమ్మ ఇల్లు అని మల్లేశన్న పెట్టుకున్న పేర్లతో తెర నిండిపోయింది. రాజు గ్లాసు కింద పెట్టి చప్పట్లు కొట్టాడు. సరోజనక్క ఒక వీడియో తెరిచింది. అందులో పాప తప్పటడుగులు వేస్తోంది. మల్లేశన్న కనిపించడు, కెమెరా వెనక నుంచి ఆయన గొంతు మాత్రం వినిపిస్తుంది. "ఇటు రా బిడ్డా, నాయిన దగ్గరికి రా." ఆమె ఏడవలేదు. అదే చోటికి మళ్లీ మళ్లీ వెనక్కి జరిపి వింది.

ఆ సాయంత్రమే ఆ ఫోటోలన్నీ సీడీల్లోకి రెండేసి ప్రతులు ఎక్కించారు మేడం. ఒకటి ఇంట్లో, ఒకటి మందమర్రిలో సరోజనక్క తల్లిగారింట్లో ఉండాలని గట్టిగా చెప్పారు. ఆ తర్వాత ఆదివారాలన్నీ మాకు పండుగలే. మేడం, నేను, రాజు క్వార్టర్ క్వార్టర్ తిరిగాం. పెన్‌డ్రైవ్ గుచ్చగానే దానంతటదే తెరుచుకునే అలవాటును కంప్యూటర్లకు మాన్పించాం. వైరస్ మందు ఎక్కించాం, ముఖ్యమైనవాటికి రెండో ప్రతి తీయించాం. ప్రతి ఇంట్లో చాయ్ పోసేవాళ్లు, మురుకులు పెట్టేవాళ్లు. బాపు పిలవకుండానే మా వెంట వచ్చేవాడు. డేంజర్ మీట తాను ఎట్లా నొక్కాడో ఇంటింటికీ కొత్త కొత్త అభినయాలతో చెప్పేవాడు. మేం ఎంత వివరించినా వినని మగవాళ్లు ఆయన చెప్తే వినేవాళ్లు.

నా డిగ్రీ పూర్తయ్యేనాటికి మేడం భర్తకు వేరే ఏరియాకు బదిలీ అయింది. సామాను సర్దడానికి వెళ్లినప్పుడు చాలాకాలంగా మనసులో ఉన్నది అడిగేశాను. "ఆ రోజు రాజు మీట నొక్కేసి ఉంటే సరోజనక్కకు ఏం చెప్పేవాళ్లు?"

ఆమె చేతిలోని గిన్నెను కాగితంలో చుట్టి అట్టపెట్టెలో పెట్టారు.

"పోయినయనే చెప్పేదాన్ని. అబద్ధం ఎట్ల చెప్తం? చెప్పి, ఆమె లేసి పోయేదాక పక్కన కూసునేదాన్ని. మల్ల తెల్లారి నుంచి ఇండ్లు తిరిగేదాన్ని. ఆ మాట ఇంకొగలకు చెప్పే పని వడద్దు గద."

మేడం ఇప్పుడు లేరు. ఆ కబురు తెలిసినప్పుడు నాకు దుఃఖం కంటే ముందు, చెడిపోయిన కంప్యూటర్ చుట్టూ మమ్మల్ని చేర్చుకున్న ఆమె గొంతే వినిపించింది. ఒకసారి మా ఆసుపత్రిలో ఒక పెద్ద డాక్టరు గారు ఏళ్ల తరబడి రాసుకున్న వ్యాసాలన్నింటికీ, ఈమెయిల్‌లో వచ్చిన ఏదో తెరవడం వల్ల, ఏ ఫైలూ తెరుచుకోకుండా వైరస్ తాళం పడింది. రెండో ప్రతి లేదు. నాకు తెలిసిన దారులన్నీ ప్రయత్నించాను, ఏ దారీ తెరుచుకోలేదు. పోయాయని చెప్పాను. ఆయన లేచి వెళ్లేదాకా పక్కనే కూర్చున్నాను. మరునాడు పొద్దున్నే ఒక కొత్త హార్డ్ డిస్క్ చంకన పెట్టుకుని, పిల్లల వార్డు గది దగ్గర మొదలుపెట్టి, ఒక్కో గది తలుపూ కొట్టాను. "మీకు పోగూడనివి ఏమున్నయో చూపియ్యిండ్రి," అని అడుగుతుంటే నా గొంతులో ఉత్సాహం ఎక్కువైందేమో, నర్సులు పని ఆపి చుట్టూ చేరారు.