ఎలకలు కొరికిన వైరు

ఇవాళ కిటికీ గ్రిల్లుకి రంగు వేయించాం. ఆ వాసనలో పాప నిద్రపోయింది కానీ నాకే నిద్ర పట్టడం లేదు.

నా చిన్నప్పుడు ఒక దసరాకి, ఆయుధపూజ కోసం, బాబాయి మా ట్రాక్టర్ ట్రాలీకి ఒక్క బోల్టు కూడా వదలకుండా నీలం రంగు వేశాడు. ఆ తర్వాత పత్తి లోడుతో వెళ్తూ ప్రత్తిపాడు దగ్గర కుడివైపు తిరుగుతుంటే, వెనక నుంచి వచ్చిన లారీ ట్రాక్టరుని గుద్దడంతో చనిపోయాడు. సిగ్నల్ వెలగలేదని లారీ డ్రైవరు చెప్పాడట.

నాన్న ఆ ట్రాలీని పక్కింటి ట్రాక్టరుకి తగిలించి, సిగ్నల్ వేసి, వైర్లన్నీ వెతికాడు. వెనక నిలబడి లైటు చూసి చెప్పడం నా పని. వైర్లు బాగానే ఉన్నాయి. చివరికి, కరెంటుకి రంగే అడ్డుపడుతోందేమోనని, ఎర్తు వైరు బిగించిన బోల్టు దగ్గర రంగుని కత్తితో గీకాడు.

"వెలిగింది నాన్నా!" అని గంతులేశాను. నాన్న నేలమీద కూలబడ్డాడు. వినపడలేదేమోనని ఇంకా గట్టిగా అరిచాను.

నానమ్మ బయటికొచ్చింది. "ఏరా, ఆ రోజు చిన్నోడు సిగ్నల్ వేశాడా, లేదా?"

"వేశాడమ్మా. ఎలకలు వైరు కొరికేశాయి."

"కాదు నానమ్మా, రంగు..." అనేలోపు నాన్న నా నోరు మూశాడు. అసలు సంగతి నాన్నకి తెలియలేదనుకున్నాను.

ఆ అబద్ధం ఎవరి కోసమో నేను తల్లినయ్యాకే అర్థమైంది. నానమ్మ మాత్రం బతికినన్నాళ్లూ ట్రాక్టర్ షెడ్డులో ఎలకల బోను పెడుతూనే ఉంది.