మా క్లబ్బుకు నేను తెచ్చిన రేర్ ప్రొజెక్టరు

ఒక్క సాయంత్రం, ఒక్క మీట నొక్కి, మా బొగ్గుగనుల కాలనీలోని మగవాళ్ళందరినీ ఎడమచేతి వాటం వాళ్ళను చేసిన ఘనత నాది. జనరల్ మేనేజరు గారిని కూడా వదల్లేదు. ఇది గొప్పగా చెప్పుకోవాల్సిన సంగతి కాదని నాకూ తెలుసు. కానీ ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నాను, ఉద్యోగంలోంచి తీసేసేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

తొంభైల మొదట్లో మాట. పెద్దపల్లిలో రైలు దిగి బస్సెక్కితే గంటలో వచ్చే కాలనీ మాది. మా నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాము. బాపు పేరు ఓదెలు, గనిలో బొగ్గు నింపేవాడు. నేను డిగ్రీ పాసై, అక్కడి సంక్షేమ ఆఫీసులోనే టెంపరరీ గుమాస్తాగా చేరాను. టెంపరరీ అంటే ఏమిటో చేసినవాళ్ళకే తెలుస్తుంది. ఆఫీసరు దగ్గితే మంచినీళ్ళు, తుమ్మితే రుమాలు మనమే అందించాలి. పర్మనెంటు చేస్తారన్న ఆశ ఒక్కటే జీతం కంటే పెద్దది.

ఆ ఏడు గని భద్రతా వారోత్సవాలకు మా ఆఫీసరు నరసింహారావు సారుకు ఒక ఆలోచన వచ్చింది. గని లోపల పని జరిగే తీరును వీడియో తీయించి, కార్మికుల ఇళ్ళల్లోని ఆడవాళ్ళకు క్లబ్బు హాల్లో పెద్ద తెర మీద చూపించాలని. మంచి ఆలోచనే. పొద్దున్నే సద్దిగిన్నె పట్టుకుని పోయే మనిషి లోపల ఎక్కడ కూర్చుని తింటాడో కూడా మా ఆడవాళ్ళకు తెలియదు. ఆ మాట ఇంట్లో చెప్పిన దగ్గర్నుంచి మా అవ్వకు నిద్ర లేదు.

"నిజంగనే మీ బాపు పనిజేసే జాగ కనబడ్తదా కొడుకా?"

"కనబడ్తదే అవ్వా. గోడంత కనబడ్తది."

"నీ మాట నమ్మి నేను అందరికి చెప్తున్న మరి."

చిన్న టీవీలో చూపిస్తే ముందు వరుసకు తప్ప ఎవరికీ కనిపించదు. వీడియో ప్రొజెక్టరు కొనాలి. అదెలా ఉంటుందో మా ఆఫీసులో ఎవరూ కళ్ళతో చూడలేదు. మీటింగులో సారు కళ్ళద్దాల మీదుగా అందరినీ చూశారు.

"ప్రొజెక్టర్ల గురించి తెలిసినోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

అందరూ టేబుల్ వైపు చూశారు. నేను లేచి నిలబడ్డాను.

"నాకు తెలుసు సార్."

నాకు తెలిసిందేమిటో మీకు మాత్రం చెబుతాను, మా సారుకు చెప్పకండి. కరీంనగర్‌లో చదువుకునే రోజుల్లో నా రూమ్మేటు మేనమామ సినిమాహాల్లో ఆపరేటరు. ఆ మిషను గదిలో స్టూలు మీద కూర్చుని రెండుసార్లు మిర్చిబజ్జీలు తిన్నాను. నా విద్య అంతటితో సమాప్తం.

"ఎసొంటిది తేవాల్నో ఎరుకేనా?" అని అడిగారు సారు.

"మంచిది తెస్త సార్."

"అయితే హైదరాబాద్ పో. ఖాజాను తోడు తీస్కపో."

ఖాజా భాయ్ మా కాలనీ ఎలక్ట్రీషియన్. ఇరవై ఏళ్ళుగా మా వైర్లన్నీ ఆయన చేతి మీదే ఉన్నాయి. మనిషి మాట తక్కువ. ఆయన్ను నాకు తోడు పంపింది సలహా చెప్పడానికని సారు ఉద్దేశం. సామాను మోయడానికని నా ఉద్దేశం.

రైల్లో ఆయనకు ప్రొజెక్టరు గురించి రెండు గంటలు ఉపన్యాసం ఇచ్చాను. అంతా విని ఆయన ఒక్కటే అడిగాడు.

"గదంత సరే రాజేశం. తెరకు ఎంత దూరంల పెట్టాలె? మన హాలు కొల్చినవా?"

"అవన్ని దుకాణపోళ్ళు చూస్కుంటరు భాయ్. మనకెందుకు ఫికర్."

ఆయన జేబులోంచి ముళ్ళు వేసిన సుతిలి తాడు తీసి చూపించాడు. "నేను కొల్చిన," అని, తాడు మళ్ళీ జేబులో పెట్టుకుని కిటికీ వైపు తిరిగాడు.

దుకాణం చల్లగా, చీకటిగా ఉంది. నల్లటి తెరలు దించి, గోడ మీద జలపాతం చూపిస్తున్నారు. ప్రొజెక్టరేమో పెళ్ళికూతురి ట్రంకు పెట్టెంత ఉంది. ముందు వైపు మూడు పెద్ద అద్దాలు, ఎరుపు, పచ్చ, నీలం. సఫారీ సూటు వేసుకున్న యజమాని నన్ను 'సార్' అన్నాడు. అంతవరకు నన్ను సార్ అన్నవాళ్ళు లేరు. ఆ ఒక్క మాటతో నా మెదడు సెలవు మీద వెళ్ళిపోయింది. ఆయన ఏం చెప్పినా గంగిరెద్దులా తల ఊపాను. ట్యూబులన్నాడు, ఊపాను. ఫోకసన్నాడు, ఊపాను. ఆఖరికి అసలు ప్రశ్న వేశాడు.

"మీకు ఫ్రంట్ కావాలా సార్, రేర్ కావాలా?"

తల ఊపితే సరిపోయే ప్రశ్న కాదిది. కొంచెం ఆలోచించినట్టు గడ్డం పట్టుకున్నాను.

"ఎక్కువమంది ఏం తీసుకుంటారండి?"

"ఎక్కువమంది ఫ్రంటే తీసుకుంటారు సార్. రేర్ చాలా తక్కువ."

మీరే చెప్పండి, ఇంగ్లీషులో రేర్ అంటే అరుదైనది అని డిగ్రీ చదివినవాడికి ఆ మాత్రం తెలియదా? అందరూ కొనేది ఒకటి, అరుదైనది ఇంకొకటి. మా కాలనీ పరువు నా చేతిలో ఉంది.

"అందరు కొనేది మాకెందుకండి. మాకు రేరే ఇయ్యండి."

ఆయన కనుబొమలు పైకి లేచాయి. "రేర్‌కు సరిపడా జాగా ఉందా మీ దగ్గర?"

"జాగకేం తక్కువ. వచ్చి మా కాలనీ చూడండి."

"అయితే లోపల దానికి తగ్గట్టు మార్చి ఇస్తాం. బిగించడానికి మా మనిషి వచ్చేవారం వస్తాడు."

"ఎవరు వద్దు. నేనున్న గద," అన్నాను.

ఖాజా భాయ్ నా మోచేయి పట్టుకున్నాడు. "జర ఆగు. రేర్ అంటే ఏందో అడుగరాదు?"

"ఊకో భాయ్, ఇజ్జత్ పోతది," అని చెవిలో అన్నాను.

ఒక గంట తర్వాత పెట్టె వచ్చింది. దాని మీద అంటించిన చీటీలో ఇంగ్లీషులో ఆర్, ఇ, ఎ, ఆర్ అని రాసి ఉంది. నాకు నవ్వొచ్చింది. "చూసినవా భాయ్, ఇంత పెద్ద దుకాణం పెట్టిండు గని రేర్ స్పెల్లింగ్ రాదు ఈయనకు."

"నాకు ఇంగ్లీషు రాదు," అన్నాడు ఖాజా భాయ్. "గని ఆయనకు రాదా?"

దానికి జవాబు చెప్పడం నా స్థాయికి తగదనుకున్నాను.

పెట్టెను హాల్లోకి ఆరుగురు మోశారు. హాలుకు ఒక కొసన నాటకాలు వేసే పెద్ద స్టేజీ ఉంది. స్టేజీ ముందు అంచున తెల్లటి పల్చని గుడ్డ కట్టి, దానికి ఎదురుగా, ఖాజా భాయ్ తాడు కొలిచి చెప్పిన చోట మిషను పెట్టాము. మూడు రంగులను ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టడానికి ఆయనకు రెండు రోజులు పట్టింది. తెర మీద ప్లస్ గుర్తులు వేసి, వాటిని చూసుకుంటూ మరలు తిప్పాడు. ప్లస్ గుర్తును ఎటునుంచి చూసినా ప్లస్సే. అందుకే మా ఇద్దరికీ ఏ అనుమానమూ రాలేదు. వీడియో క్యాసెట్టేమో, సారు బీరువాలో భద్రంగా దాచి, ఆట మొదలయ్యే ముందు మాత్రమే ఇచ్చారు.

ఆ సాయంత్రం హాలు నిండిపోయింది. ముందు సోఫాల్లో జనరల్ మేనేజరు గారు, ఆఫీసర్లు. వెనక జంపఖానాల మీద ఆడవాళ్ళు, గోడల వెంబడి నిలబడి మగవాళ్ళు. మా అవ్వ పండక్కి కట్టే చీర కట్టుకుని, చెప్పినవాళ్ళందరినీ వెంటేసుకుని వచ్చింది. సారు తల ఊపారు. నేను మీట నొక్కాను.

తెర మీద పెద్ద పెద్ద అక్షరాలు వచ్చాయి. ఒక్కటీ అర్థం కాలేదు.

"మరాఠీ ఉన్నట్టున్నది," అంది ఒకామె.

"కాదు, ఉర్దూ," అన్నాడు ఒకాయన.

"ఉర్దూ కాదు భాయ్. నాకు తెల్వదా?" అన్నాడు ఖాజా భాయ్ ప్రొజెక్టరు పక్కనుంచి.

తర్వాత బొమ్మ వచ్చింది. గని ముందు జెండా ఎగురవేసి జనరల్ మేనేజరు గారు నిటారుగా నిలబడి సెల్యూట్ చేస్తున్నారు. ఎడమచేత్తో.

సోఫాలో ఆయన కదిలారు. "నేనెప్పుడు ఎడమచేత్తో సెల్యూట్ చేశాను?" అని సారును అడిగారు.

ఆ తర్వాత కొమురయ్య వచ్చాడు, తెర మీద, చేతిలో తట్టతో. ఆయనకు ఎడమ కనుబొమ మీద గాటు ఉంటుంది. ఆయన భార్య లచ్చక్క లేచి నిలబడింది.

"గీయన మా ఆయన లెక్కనే ఉన్నడు గని మా ఆయన గాదు."

"నేనేనే," అన్నాడు కొమురయ్య గోడ దగ్గర్నుంచి.

"నువ్వైతే గాటు అటు దిక్కెందుకున్నది?"

కొమురయ్య తన కనుబొమ తడుముకుని చూసుకున్నాడు. ఆయనకే అనుమానం వచ్చింది.

అప్పుడు మా బాపు కనిపించాడు. గొంతుక్కూర్చుని, సద్దిగిన్నె ముందు పెట్టుకుని, నిమ్మళంగా ఎడమచేత్తో ముద్ద నోట్లో పెట్టుకుంటున్నాడు.

"అయ్యో, గిదేం తిండి," అంది మా అవ్వ. "ఇంట్ల మంచిగనే తింటవు గద?"

హాలంతా నవ్వింది. మా బాపు నా వైపు చూసిన చూపుకు నేను ప్రొజెక్టరు వెనక దాక్కున్నాను. సారు అక్కడికే వచ్చి, టార్చి వేసి పెట్టె మీది చీటీ చదివారు.

"ఇదేందయ్యా?"

"రేర్ సార్. స్పెల్లింగ్ తప్పు రాసిండు."

"స్పెల్లింగ్ సక్కగనే ఉన్నది. నువ్వనుకున్న రేర్‌కు అవే నాలుగు అక్షరాలు, వరుస వేరు. ఈ రేర్ అంటే ఎనక. తెర ఎనకనుంచి ఏసే మిషన్ ఇది. గాడిదా, ముందటనుంచి ఏస్తే అంత ఉల్టానే కనబడ్తది."

నా పర్మనెంటు ఉద్యోగం ఆ జెండాతో పాటు గాలిలో ఊగడం నాకు స్పష్టంగా కనిపించింది.

"ఎనకకు మారుద్దాం సార్," అన్నాను.

"కదిలిస్తే మూడు రంగులు మూడు దిక్కులు పోతయి," అన్నాడు ఖాజా భాయ్. "మళ్ల రెండు రోజులు." అంటూనే ఆయన స్టేజీ ఎక్కి తెర వెనక్కి వెళ్ళాడు. ఒక్క క్షణం ఆగి తల బయటపెట్టాడు. "మిషన్ కదిలించుడెందుకు? మనుషులు కదిల్తే అయిపాయె. గుడ్డ పల్చగున్నది. ఇక్కడికెల్లి అంత సీదా కనబడుతున్నది."

సారు ఆలోచించేలోపే మా అవ్వ లేచింది. చెంగు నడుముకు దోపి స్టేజీ మెట్లెక్కింది. ఆమె వెనక లచ్చక్క, లచ్చక్క వెనక జంపఖానాలన్నీ, ఆ వెనక గోడల వెంబడి నిలబడ్డ మగవాళ్ళూ. నేను క్యాసెట్టు మొదటికి తిప్పి, వాళ్ళ వెంటే తెర వెనక్కి వెళ్ళాను.

తెర వెనక నవ్వులు ఆగిపోయాయి. కొమురయ్య గాటు కొమురయ్యకు వచ్చింది. వంగి వంగి నడిచే దారులు, నెత్తి మీది దీపాలు, దుంగలు నిలబెట్టి ఆపిన పైకప్పు. మా బాపు కుడిచేత్తోనే తింటున్నాడు. పైనుంచి నీళ్ళు బొట్లుబొట్లుగా ఆయన భుజం మీద పడుతున్నాయి.

"గా నీళ్ళల్ల కూసోని తింటవా?" అని మా అవ్వ నెమ్మదిగా అడిగింది.

"రోజు గంతే," అన్నాడు పక్కనున్న బాపు.

అవ్వ తన చెంగుతో ఆయన భుజం తుడిచింది, పొడిగా ఉన్న భుజాన్నే.

కింద సోఫాల్లో అధికారులు మిగిలారు. వాళ్ళు ఇంకా ఎడమచేతి గనినే చూస్తున్నారు. కొంచెంసేపు ఓర్చుకుని, జనరల్ మేనేజరు గారు లేచి, బూట్లు విప్పి స్టేజీ ఎక్కి, ఆడవాళ్ళ వెనక ఒక మూల బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఆట అయిపోయాక దీపాలు వేశారు. నేను రాజీనామా మాటలు కూర్చుకుంటున్నాను.

జనరల్ మేనేజరు గారు అందరినీ ఒకసారి కలయజూశారు.

"ఇన్నేళ్ళ సర్వీసులో ఎన్నో సభలు చూశాను. ఎప్పుడూ మేము స్టేజీ మీద, మీరు కింద. కార్మికుల ఇంటివాళ్ళను స్టేజీ మీద కూర్చోబెట్టి, అధికారులను కింద కూర్చోబెట్టింది ఇక్కడే చూశాను. చాలా గొప్ప ఆలోచన. ఎవరిది?"

నన్ను గాడిద అన్న నోరు ఇంకా చల్లారలేదు. ఆ నోటితోనే నరసింహారావు సారు రెండు చేతులూ కట్టుకుని, తల వంచి, సిగ్గుపడుతూ అన్నారు:

"నాదే సార్."

మరుసటి ఏడాది నన్ను పర్మనెంటు చేశారు. ఎందుకు చేశారో నేనూ అడగలేదు, సారూ చెప్పలేదు. కానీ ఆ సాయంత్రమే క్లబ్బు కుళాయి కింద చేతులు కడుక్కుని, ఖాజా భాయ్ సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఏ దుకాణంలోనైనా సరే, అర్థం కాని మాట వినబడితే తెలిసినట్టు తల ఊపను, అర్థం అడగకుండా గడప దాటను. ఇంతవరకు తప్పలేదు. అందుకే మా ఊళ్ళో దుకాణదారులు నన్ను దూరం నుంచి చూడగానే షట్టరు సగం దించుతారు.