లెన్స్ మార్చే కెమెరా, తాయిఫ్ రోజాలు, నా కడుపుమంట

సౌదీలో కొండల మీదున్న తాయిఫ్ వెళ్లింది రోజాపూల కోసం కాదు, ఒక కెమెరా కొనాలా వద్దా అని తేల్చుకోవడానికి. జిద్దా పాత బజారు బలద్‌లో పాత కెమెరాలు అమ్మే మలయాళీ ఒకాయన ఉన్నాడు, అందరూ కాకా అంటారు. ఆయన దగ్గరికి లెన్స్ మార్చుకునే కెమెరా ఒకటి వచ్చింది, ఎవరో వాడి అమ్మేసింది. నా కెమెరా ఇచ్చేసి, పైన కొంత కడితే అది నాది. "శుక్రవారం రాత్రి ఇషా నమాజు దాకా ఆపుతా. ఆ తర్వాత ఎవరడిగితే వాళ్లదే" అన్నాడు. ఆ శుక్రవారమే నేను తాయిఫ్ వెళ్లాను. మీలో ఎవరైనా అటు వెళ్లాలనుకున్నా, కెమెరా మార్చాలనుకున్నా ఇది పనికొస్తుందని రాస్తున్నాను.

నాది లెన్స్ ఊడిరాని కెమెరా. ఐదు మెగాపిక్సెళ్లు, పన్నెండు రెట్ల జూమ్. మూడేళ్ల క్రితం కొన్నప్పుడు మా క్యాంపులో అదే పెద్దది. నేను జిద్దాలో ఏసీలు బాగుచేసే పని చేస్తాను. క్యాంపులో మావాళ్లంతా జగిత్యాల, నిర్మల్ వైపు వాళ్లు. ఇంటికి ఫోటో పంపాలంటే శుక్రవారం పూట నా గది ముందుకు వచ్చేవారు. వాళ్ల కోసం ఒక సంచి పెట్టాను. అందులో నీలం గళ్ల చొక్కా, నల్ల కళ్లద్దాలు, ఆగిపోయిన గడియారం ఉంటాయి. చొక్కా ఎవరికైనా పడుతుంది, లావుగా ఉన్నవాళ్లు గుండీలు పెట్టుకోరు. ఎవరిదో ఒక కారు పక్కన నిలబెట్టి, తల నుంచి చెప్పుల దాకా వచ్చేలా తీస్తాను. మా వైపు ఊళ్లలో పాతిక ముప్ఫై ఇళ్లలో పాతిక ముప్ఫై మంది అదే చొక్కాలో ఉన్నారు. ఒకామె ఫోనులో భర్తను అడిగిందట, "గా అంగీ మీ కంపెనీ ఇచ్చిందా?" అని.

క్యాంపులో ఫోటో అంటే నేనే అన్న పేరు పోగొట్టినవాడు సుధాకర్. భీమవరం దగ్గర ఊరు. భార్య ఇక్కడి ఆసుపత్రిలో నర్సు, అతను అక్కడే ల్యాబులో పనిచేస్తాడు. ఏసీలు చూడటానికి వెళ్లినప్పుడు పరిచయం అయ్యాడు. కెమెరా కొనేముందు నన్నే అడిగాడు, "ఏది తీసుకోమంటారు మల్లేశం గారూ?" అని. నాలాంటిదే తీసుకోమన్నాను. అతను లెన్స్ మార్చేది తీసుకున్నాడు. ఒక శుక్రవారం మా క్యాంపుకు వచ్చి నలుగురికి ఫోటోలు తీశాడు. తర్వాతి వారం నా గది తలుపు కొట్టిన మనిషి చొక్కా అడగలేదు. "అన్నా, సుధాకర్ సార్ ఇయ్యాల అస్తడా?" అన్నాడు. మూడేళ్లు తీసిన నేను అన్న, ఒక్కరోజు తీసిన అతను సార్.

తాయిఫ్ రోజాతోటలు చూడాలని సుధాకర్‌కు ఎప్పటినుంచో ఉంది కానీ అక్కడ తెలిసినవాళ్లు లేరు. నాకున్నారు. మా గదిలో ఉండే ఒకతని పక్క ఊరివాడు గంగారాం తాయిఫ్‌లో ఒక తోటలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాడు. ఆ సంగతి సుధాకర్‌కు రెండు వారాలు చెప్పలేదు. కాకా గడువు పెట్టాక చెప్పాను. అతని కెమెరాను ఒక రోజంతా నా కెమెరా పక్కన పెట్టి చూడాలంటే అతన్ని తీసుకెళ్లక తప్పదు.

బలద్ దగ్గర బాబ్ మక్కాలో తాయిఫ్ టాక్సీలు దొరుకుతాయి. మనిషికి ముప్ఫై రియాళ్లు. కానీ అవి మక్కా మీదుగా పోతాయి, ముస్లిములు కానివారికి ఆ దారి లేదు. ఇఖామా కార్డులో మతం చూసి వెనక్కి పంపుతారు. అందుకని మేము మొత్తం బండి మాట్లాడుకున్నాం. పోనూ రానూ, అక్కడ ఆగడంతో కలిపి రెండు వందల నలభై, చెరి సగం. తెల్లవారుజామున ఫజర్ నమాజు అయిపోగానే ఐదింటికి బయలుదేరాం. డ్రైవరు పెషావర్ మనిషి ఖాన్ భాయ్, ఇరవై రెండేళ్లుగా ఇదే రోడ్డు మీద ఉన్నాడు. మక్కా ముందు రోడ్డు చీలే చోట కుడివైపు బయటి రోడ్డులోకి తిప్పుతూ, "మీ ఇద్దరి పుణ్యాన నాకూ దూరం దారే" అని హిందీలో నవ్వాడు. తర్వాత అద్దంలోంచి మా ఒళ్లో ఉన్న కెమెరాలు చూశాడు. ముందు సుధాకర్‌ది, తర్వాత నాది.

"ఈ చిన్నది ఆ పెద్దదాని పిల్లా?" అన్నాడు.

సుధాకర్ నవ్వి, "కాదు భాయ్, దానికి జూమ్ ఎక్కువ. నాదానికి అంత లేదు" అన్నాడు. నా తరఫున అతను మాట్లాడటం నాకు నచ్చలేదు.

మైదానం అయిపోయాక హదా ఘాట్ మొదలవుతుంది. మలుపు మీద మలుపు. పైకి పోయేకొద్దీ చలి పెరుగుతుంది, ఏప్రిల్ అయినా స్వెట్టర్ దగ్గర పెట్టుకోండి. ఒక మలుపులో రోడ్డు పక్క గోడ మీద కోతుల గుంపు కనపడింది. ఇక్కడివి కుక్కంత ఉంటాయి, ముక్కు పొడుగ్గా ఉంటుంది. ఖాన్ భాయ్ బండి ఆపాడు. నేను అద్దం దించి, కూర్చున్న చోటినుంచే జూమ్ లాగి, పిల్లను వీపు మీద మోస్తున్న తల్లిని తీశాను. సుధాకర్ కెమెరాకు జూమ్ లేని చిన్న లెన్స్ ఉంది. దాన్ని ఊడదీసి, మూత పెట్టి, సంచిలోంచి పెద్దది తీసి బిగించేసరికి కోతులు కొండెక్కాయి. "పోయాయండీ!" అన్నాడు. అయ్యో అన్నాను. ఆ ఉదయం నాకు ఆకలి వేసింది అప్పుడే. ఘాట్ పైన ఒక అఫ్ఘాన్ రొట్టెల కొట్టు దగ్గర పొయ్యిలోంచి తీసిన తమీస్ రొట్టె, ఉడికించిన చిక్కుడు గింజల ఫూల్ తిన్నాం. ముగ్గురికీ కలిపి తొమ్మిది రియాళ్లు.

తోటకు చేరేసరికి ఏడున్నర. ఏడు లోపే రావాల్సింది, పూలు కోయడం సగం పైగా అయిపోయింది. గంగారాం ఎదురొచ్చాడు. యాభై దాటిన మనిషి, సన్నగా ఉంటాడు, చేతులనిండా ముళ్ల గీతలు.

"ఏం తమ్మి, ఆలిశం జేస్తిరి. గీ సార్ ఎవలు?"

ఇక్కడ కూడా సారే.

గంగారాం చాయ్ పోశాడు. నేను గ్లాసు పక్కన పెట్టి కెమెరా తీశాను. తోటలో ఉన్న ఇద్దరు బంగ్లాదేశీలు బుట్టలు కింద పెట్టి, చొక్కాలు సర్దుకుని, చేతులు రెండు పక్కలా పెట్టి నిటారుగా నిలబడ్డారు. నాకది అలవాటే. ఇద్దరినీ తీశాను. సుధాకర్ సంచి విప్పలేదు. గట్టు మీద కూర్చుని చాయ్ తాగాడు, ఇంకో గ్లాసు అడిగాడు, తులం అత్తరుకు ఎన్ని పూలు పడతాయని అడిగాడు. "వేలకు వేలు పడ్తయ్ సార్. లెక్క మా కఫీల్‌కే ఎర్క" అన్నాడు గంగారాం. కఫీల్ అంటే వీసా ఇచ్చిన యజమాని, తోట ఆయనదే. తర్వాత వాళ్లు పనిలో పడ్డారు. నేను తోట అంచున తిరుగుతూ జూమ్‌తో పూలు, బుట్టలు, కొండలు తీసుకున్నాను.

తోట చివర రేకుల షెడ్డులో పెద్ద రాగి కాగులు పొయ్యిల మీద ఉంటాయి. పూలు వాటిలో పోసి మరిగిస్తారు, ఆవిరి గొట్టంలోంచి పోయి చల్లబడి దిగుతుంది. గంగారాం కాగు మూత తీసి పూలు పోస్తున్నప్పుడు, సుధాకర్ అతనికి చెయ్యి చాపితే తగిలేంత దూరంలో ఉన్నాడు. ఎప్పుడు తీశాడో నాకు తెలియలేదు, గంగారాంకూ తెలియలేదు.

పని తెరిపిచ్చాక నేను వెంట తెచ్చిన చొక్కా సంచి తెరిచాను. గంగారాం నీలం చొక్కా వేసుకున్నాడు, కళ్లద్దాలు పెట్టుకున్నాడు. బయట కఫీల్ జీపు ఆగి ఉంది.

"జెల్ది తియ్ తమ్మి. కఫీల్ లేస్తే లొల్లి జేస్తడు."

జీపు, దాని వెనక రోజాచెట్లు, ఇంకా వెనక కొండ, అన్నీ స్పష్టంగా వచ్చేలా తీశాను. అందరం రెండు కెమెరాల వెనక తెరల మీద చూశాం. సుధాకర్ తీసిన దాంట్లో గంగారాం ముఖమే ఉంది. వెనక అంతా మసక, ఎర్రగా ఏదో ఉందని తప్ప ఏమీ తెలియదు. ఆవిరికి కళ్లు సగం మూసుకుని, పెదవి కొరుక్కుంటూ కాగులోకి చూస్తున్నాడు.

"గిదేంది సార్, మొకమే ఉన్నది. ఏడ దిగిన్నో ఎట్ల ఎర్కైతది? గిది సౌదీ అంటే ఎవలు నమ్ముతరు?" అన్నాడు గంగారాం. నా తెర మీద వేలు పెట్టి, "గిది పంపు తమ్మి, ఇంటికి. జీపు మంచిగచ్చింది" అన్నాడు.

నేను సుధాకర్ వైపు చూశాను. కాకా దగ్గరికి పోవాల్సిన పని లేదనుకున్నాను.

గంగారాం చొక్కా విప్పి, మడతపెట్టి నాకిచ్చాడు. గడియారం విప్పుతూ, నాకు ఒక్కడికే వినపడేలా అన్నాడు: "తమ్మి, ఆ సార్ తీసింది గుడ ఒకటి కడిగిపియ్యి. ఇంటికి కాదు. నా దగ్గర పెట్టుకుంట."

"అది మంచిగ లేదంటివి గదా?"

"ఇంటికి మంచిగ లేదు. నేను పని జేస్తే ఎట్లుంటనో నాకేం ఎర్క? పదకొండేండ్లాయె."

మూడేళ్లలో నేను తీసిన ఫోటోలన్నీ ఊళ్లకు పోయాయి. తీయించుకున్న మనిషి ఒక్కడు కూడా తన దగ్గర పెట్టుకుంటానని ఒక కాపీ అడగలేదు. ఇది అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

సుధాకర్‌ను కెమెరా అడిగాను. వెంటనే మెడలోంచి తీసి ఇచ్చాడు. గంగారాంను మళ్లీ షెడ్డులోకి తీసుకెళ్లి, అదే కాగు దగ్గర, అంతే దగ్గరగా నిలబడ్డాను. నేను కెమెరా ఎత్తగానే గంగారాం పూలు కలిపే గంటె వదిలేసి, చేతులు పక్కలకు పెట్టి, గడ్డం ఎత్తి నిలబడ్డాడు. పని చేయమన్నాను. చేస్తున్నట్టు నిలబడ్డాడు. నాలుగు తీశాను. వెనక మసక చక్కగా వచ్చింది, ముందర కొయ్యబొమ్మ వచ్చింది.

సుధాకర్ చూసి బాగుందన్నాడు. తర్వాత లెన్స్ పక్కనున్న చక్రం తిప్పి చూపించాడు. "ఈ నంబరు పెంచారనుకోండి, వెనక జీపు కూడా తేటగా వస్తుంది. తగ్గిస్తే మసకవుతుంది. మీ క్యాంపు వాళ్లకి పెంచి తీయండి." జీపు ముందు ఒకటి తీసి చూశాను. నా కెమెరాలో వచ్చినట్టే వచ్చింది, ఇంకా కొంచెం బాగానే. అడగకుండానే చెప్పాడు. అతని చోట నేనుంటే చెప్పేవాణ్నా?

పదకొండింటికి బయలుదేరాం. తోటలో పన్నీరు సీసా పది రియాళ్లు, రెండు తీసుకున్నాను. సుధాకర్ ఆరు తీసుకున్నాడు, భార్యతో పనిచేసే నర్సులకట. దారిలో మధ్యాహ్నం జుమా నమాజుకు ఖాన్ భాయ్ బండి ఆపాడు. ఆ ముప్పావు గంట సుధాకర్ నిద్రపోయాడు. నేను అతని సంచి మీదున్న కెమెరా కంపెనీ పేరు చూస్తూ కూర్చున్నాను. జిద్దా చేరేసరికి మూడు. సాయంత్రం అసర్ నమాజు తర్వాత బలద్‌లో దుకాణాలు తెరిచారు. కాకా నా కెమెరా తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "బాగా చూసుకున్నావు" అన్నాడు. దాన్ని ఇచ్చేశాను. కొత్త దానితోపాటు జూమ్ లెన్స్ ఇస్తానన్నాడు. అది వద్దని జూమ్ లేనిది పెట్టమన్నాను. పొద్దుగూకే మగ్రిబ్ నమాజు కంటే ముందే పని అయిపోయింది.

ఎందుకు మార్చావని ఎవరైనా అడిగితే చెప్పడానికి మంచి కారణాలే ఉన్నాయి. జీపు కావాలంటే జీపు, ముఖం కావాలంటే ముఖం, రెండూ ఒకే దాంట్లో వస్తాయి. కోతులు మాత్రం రావు, అవి కావాలంటే ఊడిరాని కెమెరానే ఉంచుకోండి. కానీ నేను ఈ లెక్కలు చూసి కొనలేదు. గంగారాం తన దగ్గర పెట్టుకుంటానన్న ఫోటో నేను తీసింది కాదు, అందుకు కొన్నాను. ఒక మనిషి అలాంటి కాపీ నన్ను అడిగేదాకా ఈ మంట చల్లారదు. ఇప్పటికి ఏడు వారాలైంది, ఇంకా ఎవరూ అడగలేదు. కొన్నానని చెప్పినప్పుడు సుధాకర్ నిజంగానే సంతోషించాడు. వాళ్లావిడ చేత పూతరేకులు చేయించి పంపాడు. తిన్నాను, బాగున్నాయి.

రోజాతోటకు వెళ్లేవాళ్లకు ఒక్క మాట. ఏప్రిల్‌లో ఏడు లోపే చేరండి, చేరాక కెమెరా సంచిలోంచి తీయకండి. ముందు చాయ్ తాగండి, రెండో గ్లాసు కూడా అడగండి. ఈలోపు వాళ్లు మిమ్మల్ని మరిచిపోయి పనిలో పడతారు. అప్పుడు తీయండి. సుధాకర్ చేసింది ఇదే. ఇది మాత్రం అతను నాకు చెప్పలేదు, నేనే కనిపెట్టాను.