బతికున్న మనిషికి బొగ్గు బొమ్మ

నరసాపురం రేవులో గోదావరి దాటడానికి పంటు ఎక్కేవాళ్ళందరికీ సత్తిబాబు తెలుసు, ఆయన పేరు తెలియనివాళ్ళకి కూడా. అటు సఖినేటిపల్లి దాకా వెళ్ళి, ఒడ్డున కాలు పెట్టకుండా అదే పంటులో ఇటు తిరిగొచ్చే మనిషి ఊరికి ఒక్కడే ఉంటాడు కదా. ఒళ్ళో అట్ట, అట్ట మీద కాగితం, చెవి మీద పెన్సిలు. పక్కవాళ్ళు మెడలు సాచి చూస్తే కాగితం వాళ్ళవైపే తిప్పి చూపిస్తాడు. "ముక్కు మరీ పెద్దదైపోయిందండీ" అని ఎవరైనా సణిగితే, "మీ నాన్నగారిని అడగండి, నన్నడుగుతారేంటి" అంటాడు.

ఒకప్పుడు ఊళ్ళో కొట్ల మీది బోర్డులన్నీ ఆయన చేతివే. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని గంగలో కలిసింది. ఇప్పుడాయన పొయ్యి వెలుగుతున్నదంటే పోయినవాళ్ళ పుణ్యమే. ఇంట్లో మనిషి పోతే పెద్దకర్మ నాటికి దండ వెయ్యడానికి పటం కావాలి. ఫ్లెక్సీ షాపువాడు చిటికెలో చేసిస్తాడు గానీ, మనవలు కూడా చూసుకోవాలనుకున్నవాళ్ళు ఇప్పటికీ సత్తిబాబు గుమ్మమే తొక్కుతారు. చింతబరికలు కాల్చి చేసిన బొగ్గు, దాని పొడి అద్దడానికి దూది, వెంట్రుకలు రాలిన పాత కుంచె, అంతే సరంజామా. బొమ్మంతా అయ్యాక కళ్ళలో మెరుపు మాత్రం పెట్టకుండా ఆపేస్తాడు. ఇంటివాళ్ళు వచ్చి ఎదురుగా కూర్చున్నాక, రబ్బరు కొసతో కంటినలుపులో చిన్న చుక్క తుడుస్తాడు. ఆ తెల్లచుక్కతో బొమ్మ చూడడం మొదలుపెడుతుంది. అప్పటిదాకా నిబ్బరంగా ఉన్నవాళ్ళు కూడా అక్కడ భోరుమంటారు.

రాజమండ్రిలో ఆయనకి పని నేర్పిన మాస్టారు ఒక నియమం పెట్టారు. బతికున్నవాళ్ళని పెన్సిలుతో గీసుకో, రంగు క్రేయాన్లతో గీసుకో, ఏమీ దొరక్కపోతే బాల్ పెన్నుతో గీసుకో. బొగ్గు మాత్రం పోయినవాళ్ళది. ఎందుకని అడిగితే మాస్టారు చెప్పలేదు. చాదస్తం అనుకుని సత్తిబాబు ఒకే ఒక్కసారి ఆ మాట దాటాడు.

అప్పటికి ఆధార్ కార్డులు కూడా రాలేదు. వాన వెలిసిన మధ్యాహ్నం, భార్య వెంకటదుర్గ గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. వెలుతురు ఆమె మొహం మీద ఎంత బాగా పడిందంటే, పెన్సిలు వెతుక్కునేలోపు అది పోతుందని భయమేసి, చేతికందిన బొగ్గుతో గీసేశాడు. ఆమె వచ్చి చూసి నవ్వింది.

"అప్పుడే నాకు దండేసేద్దామనేంటండీ?" అని, మళ్ళీ పరకాయించి చూసి, "అయితే నా మచ్చేదండీ?" అంది.

కాపురానికొచ్చిన కొత్తలో గారెలు వేస్తుంటే నూనె చిట్లి చెంప మీద పడింది. చింతగింజంత మచ్చ.

"బొమ్మలో కూడా ఎందుకే అది? అందంగా ఉండనీ" అన్నాడు సత్తిబాబు.

మరుసటి ఏడు ఆమె కామెర్లతో పోయింది. పిల్లల్లేరు. ఆ బొమ్మకే అద్దం కట్టించి దండ వేశాడు. చంపింది కామెర్లే అని డాక్టరు చెప్పాడు, సత్తిబాబుకీ తెలుసు. తెలిసి ఏం లాభం? ఆనాటి నుంచి బతికున్న మనిషిని గియ్యడానికి ఆయన బొగ్గు ముట్టుకోలేదు. ఆ ఇంట్లో ఒక్కడే కూర్చోలేకే పంటు మీద తిరగడం అలవాటు చేసుకున్నాడు.

కిందటేడు వానలు పడే రోజుల్లో మొగల్తూరు దారిలోని పల్లె నుంచి పల్లంరాజు అనే రైతు వచ్చాడు. చేపల చెరువులున్నవాడు, ఆరడుగుల మనిషి. తల్లి అన్నపూర్ణమ్మ పోయింది. ఫొటోల్లేవా అంటే ఫోను నిండా ఉన్నాయి. కానీ అన్నీ పక్షవాతం వచ్చాక తీసినవే. మూతి ఒక పక్కకి లాగేసి, ఒక కన్ను సగం మూసుకుపోయి ఉంది. పాత ఫొటోలు ఎనభైయారు వరదలో ట్రంకు పెట్టెతో సహా పోయాయి. ఆ తర్వాత ఆవిడ కెమెరా కనబడితే చాలు, కొంగు అడ్డం పెట్టుకునేదట.

"ఫ్లెక్సీ షాపులో కంప్యూటర్లో మూతి సరిచేశారండి. సరిచేస్తే ఎవరో సీరియల్ ఆవిడ వచ్చిందండి" అన్నాడు పల్లంరాజు. "మా అమ్మని బాగున్నప్పటిలా వెయ్యండి సత్తిబాబు గారూ. నవ్వితే గడ్డం ఇలా పైకెత్తేదండి. ఆ వంకర మొహం గోడకి పెట్టలేనండి, చుట్టాలందరూ వస్తారు."

సత్తిబాబు వేశాడు, చించాడు, మళ్ళీ వేశాడు. మూతి తిన్నగా వస్తుంది గానీ మనిషి రాదు. చూస్తుండగానే పెద్దకర్మ నెత్తి మీదికొచ్చింది. అప్పుడు ఆయనకి పంటు మీది రత్నమాణిక్యం గుర్తొచ్చింది.

రత్నమాణిక్యం సఖినేటిపల్లి వైపు మనిషి. అల్లిన లేసు మూట కట్టుకుని నరసాపురం తెచ్చి ఇస్తుంది. పంటు కదలగానే సూది తీసి అల్లుతూ కూర్చుంటుంది. ఎవరైనా హాస్యమాడితే గడ్డం పైకెత్తి, ఉన్న పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతుంది. ఆవిడ పెన్సిలు బొమ్మలు సత్తిబాబు దగ్గర దొంతర ఉన్నాయి. వాటిని ముందేసుకుని, గడ్డం ఒక్కటే అరువు తెచ్చుకుందామనుకున్నాడు. చనువిస్తే చంకెక్కినట్టు గడ్డం వెంట పెదవులొచ్చాయి, పెదవుల వెంట కళ్ళొచ్చాయి. తీరా చూసుకుంటే కాగితం మీద ఉన్నది నిలువెత్తు ప్రాణంతో నవ్వుతున్న రత్నమాణిక్యం, బొగ్గుతో. చించెయ్యాలనుకున్నాడు. కానీ మర్నాడే పెద్దకర్మ. చించలేదు.

పొద్దున్నే పల్లంరాజు భార్య ప్రసన్నకుమారితో వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. సత్తిబాబు కంట్లో చుక్క తుడిచాడు. పల్లంరాజు "అమ్మా" అంటూ కుర్చీలోంచి నేల మీదికి జారిపోయాడు.

"ఆవిడేనండి. ముమ్మూర్తులా మా అమ్మేనండి."

ప్రసన్నకుమారి మాత్రం బొమ్మని చాలాసేపు చూసింది. తర్వాత భర్తని లేవదీసింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి రత్నమాణిక్యం పంటు ఎక్కడం మానేసింది.

జ్వరమేమో అనుకున్నాడు సత్తిబాబు. పక్షం గడిచింది, నెల గడిచింది. ఆవిడ కూర్చునే చోట వేరేవాళ్ళు బుట్టలు పెట్టుకుంటున్నారు. ఇంటికొస్తే గోడ మీద వెంకటదుర్గ. ఇన్నేళ్ళూ ఎప్పుడూ ఏమీ అడగని ఆ బొమ్మ ఇప్పుడు 'ఇంకొకర్ని కూడానా?' అన్నట్టు చూస్తోంది. పంటు మీద ఎవరిని గీసినా, కాలేజీ పిల్లనైనా, కల్లు తాగి తూలే ముసలాయననైనా, కాగితం మీద వాళ్ళ ముందు దీపం వెలుగుతున్నట్టే వస్తోంది. సత్తిబాబుకి భయం పట్టుకుంది. దెయ్యమైతే దండకం చదువుకుంటే పోతుందంటారు. ఈయన భయం తన చెయ్యంటేనే. కుడిచెయ్యి తువ్వాలులో చుట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. చేతికేమైందండీ అని అడిగితే బెణికిందని చెప్పేవాడు.

చివరికి రేవులో టీకొట్టతన్ని అడిగాడు.

"లేసు మాణిక్యమ్మ గారాండి? ఆవిడకేదో గాలి సోకిందంటండి. ఇల్లు కదలట్లేదంట" అన్నాడతను.

సత్తిబాబు ఆ రోజు మొదటిసారి అవతలి ఒడ్డున దిగాడు. ఇల్లు వాకబు చేసుకుంటూ వెళ్ళాడు. పెంకుటింటి అరుగు మీద రత్నమాణిక్యం కూర్చుని లేసు అల్లుకుంటోంది. నీడ కూడా పడుతోంది. సత్తిబాబు అరుగు స్తంభం పట్టుకున్నాడు.

"బొమ్మల బాబుగారా! రండి, ఏంటిలా వచ్చారు?"

"పంటు ఎక్కట్లేదేంటమ్మా?"

"ఎలా ఎక్కుతానండి? మొన్నా మధ్య అంతర్వేది వెళ్ళే ఓ పెద్దాయన, ఇంతెత్తు మనిషి, నన్ను చూసి గజగజా వణికిపోయాడండి. 'అమ్మా, నీకేం తక్కువ చేశాను, ఎందుకు తిరుగుతున్నావు' అని కాళ్ళ మీద పడిపోయాడు. లేవదీద్దామని చెయ్యి వేస్తే కెవ్వుమన్నాడండి. పంటు పంటంతా నన్నే చూస్తున్నారు. ఇంటికొచ్చి అద్దం ముందు కూర్చున్నాను. నేనసలు ఉన్నానా పోయానా అని నాకే అనుమానమొచ్చేసింది బాబూ."

సత్తిబాబు అరుగు మీద చతికిలబడ్డాడు. బతికుందన్న సంతోషం గుండెల్లో నిలవకముందే సిగ్గు వచ్చి దాన్ని తోసేసింది. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. రత్నమాణిక్యం చేతిలో సూది ఆగిపోయింది.

"అంటే నా మొహానికి రోజూ దీపం పెడుతున్నారా?"

"అవునమ్మా."

"నైవేద్యం కూడానా?"

"ఆవిడకిష్టమని ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పిస్తారంటమ్మా."

"నాకు షుగరండి" అందావిడ. నవ్వలేదు. కాసేపటికి మూట సర్దుకుని లేచింది. "పదండి. నేను బతికే ఉన్నానని ఆ బాబుకి చెప్పి రావాలి. పాపం, ఎంత బెంగపడిపోతున్నాడో."

పల్లంరాజు నిజంగానే సగమైపోయాడు. అమ్మకి గతులు కలగలేదని రాజమండ్రి వెళ్ళి గోదావరి రేవులో మళ్ళీ పిండాలు పెట్టి వచ్చాడట. గేటు తీసుకుని వస్తున్న రత్నమాణిక్యాన్ని చూసి, వెనక్కి వెనక్కి నడిచి గోడకి కరుచుకుపోయాడు.

"భయపడకండి రాజు గారూ. ఈవిడ మనిషేనండి, పేరు రత్నమాణిక్యం. ఈవిడ మొహం దొంగిలించి మీ అమ్మగారికి పెట్టింది నేను" అన్నాడు సత్తిబాబు.

రత్నమాణిక్యం హాల్లో పటం ముందు నిలబడింది. కింద దీపం, పైన బంతిపూల దండ, నడిమధ్య తను. నుదుటి మీద ఎవరో పెట్టిన కుంకుమ. ఆవిడ చేత్తో తన నుదురు తడుముకుంది. తర్వాత మునివేళ్ళ మీద లేచి, దండ తనే తీసి ప్రసన్నకుమారి చేతికిచ్చింది.

"ఉంచండమ్మా. నాకింకా టైముంది."

పల్లంరాజు కొడతాడని సత్తిబాబు సిద్ధపడి వచ్చాడు. కొట్టినా బాగుండేది. ఆయన కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. ఎంతకీ తెరవలేదు.

"మరి మా అమ్మ మొహం ఎలా ఉండేదండీ?" అన్నాడు చివరికి.

రత్నమాణిక్యం పటం ముందు నుంచి పక్కకి జరిగింది.

"కళ్ళు మూసుకుంటే ఈవిడే కనబడుతున్నారండి. మా అమ్మ రావట్లేదు. ఎంత పిలిచినా రావట్లేదండి. ఎక్కడికెళ్ళిపోయిందండీ?"

అంత పెద్ద మనిషి పసిపిల్లాడిలా అడిగాడు. ప్రసన్నకుమారి లోపలికి వెళ్ళి ఫోను తెచ్చి భర్త ఒళ్ళో పెట్టింది. మంచం మీద అన్నపూర్ణమ్మ. మూతి పక్కకి పోయి ఉంది.

"ఇదిగోనండి అత్తయ్య. అన్నేళ్ళూ నేను జావ పోసింది ఈ మూతికే. ఆ పటం ఎవరిదో నాకు తెలీదు గానీ అత్తయ్యది కాదని ఆ రోజే తెలుసండి. మీరంత ఏడుస్తుంటే ఎలా చెప్పను?"

సత్తిబాబు సంచిలో బొగ్గూ ఉంది, పెన్సిలూ ఉంది. మాస్టారి నియమం ప్రకారం బొగ్గే తియ్యాలి. చెయ్యి పెన్సిలు మీదికి వెళ్ళింది, ఆయన ఆపలేదు. ఎడమవైపు జారిన పెదవి, సగం మూసిన కన్ను, ముక్కు నుంచి గడ్డం దాకా వంగిన గీత, ఉన్నవి ఉన్నట్టే పెట్టాడు. దేన్నీ తిన్నగా చెయ్యలేదు. ఎప్పుడు వచ్చాడో పల్లంరాజు వచ్చి పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఈ పక్క నుంచి జావ కారిపోయేదండి" అన్నాడు. భుజం మీది కండువా కొస అందుకుని, కాగితం మీది మూతి పక్కన తుడవబోయి, ఆగిపోయాడు. అప్పుడొచ్చింది ఏడుపు. మొదటి బొమ్మ ముందు ఏడ్చిన ఏడుపు ఇది కాదని సత్తిబాబుకీ ప్రసన్నకుమారికీ తెలిసింది.

తిరిగి వస్తూ రత్నమాణిక్యం బొగ్గు బొమ్మని అడిగి పుచ్చుకుంది. పాత లేసు గుడ్డలో చుట్టి చంకన పెట్టుకుని, "ఎప్పటికైనా పనికొస్తుంది కదండీ" అని గడ్డం పైకెత్తి నవ్వింది. రేవులో ఆవిడని పంటు ఎక్కించి, సత్తిబాబు ఇంటికి నడిచాడు.

ఇంట్లో ఇంకా వెలుతురు ఉంది. గోడ మీది పటం దించి, దండ తీసి, అద్దం విప్పాడు. బొమ్మని గుమ్మం దగ్గర ఆనించి, ఎదురుగా కొత్త కాగితం పరుచుకుని పెన్సిలు చెక్కాడు. చింతగింజంత మచ్చ. ఎన్నేళ్ళు ఆ చెంప పక్కన పడుకుని లేచాడు! పెన్సిలు మొన కాగితం దాకా వచ్చి ఆగింది. పెట్టెలోంచి పెళ్ళి ఫొటో తీసి చూశాడు. అప్పటికి మచ్చ పడనే లేదు. కళ్ళు మూసుకున్నాడు. బొగ్గు బొమ్మే వచ్చి నిలబడింది, రెండు చెంపలూ నున్నగా, ఆయన చేసినట్టే.

"ఎడమ చెంపా దుర్గా?" అన్నాడు బొమ్మతో. మళ్ళీ అడిగాడు. "కుడి చెంపా?"