ఆ ఏడాది టర్కీ కోడిలో ఉప్పు

డిసెంబరు వచ్చిందంటే ఇక్కడి పెద్ద దుకాణాల్లో ఐసు పెట్టెల నిండా టర్కీ కోళ్ళు దిగుతాయి. ఒక్కొక్కటీ మన నాటుకోళ్ళు నాలుగైదు కలిపినంత ఉంటుంది, గడ్డకట్టి రాయిలా ఉంటుంది, ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. మొన్న అలాంటిదే ఒకటి మా ఇంటికి వచ్చింది. మా ఇల్లంటే నేను పనిచేసే ఇల్లు. ఇరవై ఏళ్ళు ఒకే వంటింట్లో గడిపిన మనిషికి ఆ తేడా అంతగా గుర్తుండదు, నా ఈడు వాళ్ళకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. దాన్ని ఫ్రిజ్ అడుగు అరలోకి సర్దుతుంటే ఈ ఇంటి పెద్దమ్మాయి, ఇప్పుడు కాలేజీలో చదువుతోంది, ఫోను పట్టుకుని వచ్చి నాయనమ్మ టర్కీ ఎలా వండేదో చెప్పు, రాసుకుంటాను అంది. మూడు రోజులు ఫ్రిజ్‌లోనే కరగనివ్వాలని, ముందురోజు సాయంత్రం నారింజ తొక్కలూ దాల్చినచెక్కా వేసిన ఉప్పునీళ్ళలో నానేయాలని, అన్నీ వరసగా చెప్పాను. ఉప్పు ఎంత అని అడిగేసరికి మాత్రం ఫ్రిజ్ తలుపు మూసేశాను. తరవాత చెబుతానులే అని పంపేశాను.

మాది ఫుజైరా, దుబాయ్ ఉన్న దేశంలోనే ఇంకో మూలనున్న ఊరు. దుబాయ్ అనగానే మనవాళ్ళ కళ్ళ ముందు కదిలే ఆకాశమంత మేడలు ఇక్కడ లేవు. వెనక కొండలు, ముందు సముద్రం, సముద్రంలో నూనె పోయించుకోవడానికి వచ్చి ఆగిన ఓడలు, అంతే. ఇంటాయన ఉద్యోగం ఆ ఓడలకు నూనె పోసే వ్యాపారంలోనే. వాళ్ళు లెబనాన్ నుంచి వచ్చిన క్రైస్తవులు: ఆయన, మేడమ్, ఇద్దరు ఆడపిల్లలు, ఆయన తల్లి. ఆ తల్లిని ఇంట్లో అందరూ తేతా అనేవాళ్ళు, వాళ్ళ భాషలో నాయనమ్మ అని. నాకంటే పాతికేళ్ళే పెద్దదైనా నేనూ తేతా అనే పిలిచేదాన్ని.

ఇక్కడ నా గొప్ప ఒకటి చెప్పుకోవాలి, లేకపోతే తరవాత జరిగినది అర్థం కాదు. నేను గోదావరి జిల్లా మనిషిని. మా అమ్మమ్మ చుట్టుపక్కల ఊళ్ళ పెళ్ళిళ్ళకు వంటకు వెళ్ళేది, నేను ఆవిడ వెనకాలే తిరిగి వంట నేర్చుకున్నాను. ఆవిడ నాకు నేర్పిన మొదటి సంగతి, పొయ్యి మీది గిన్నెలో గరిటె ముంచి నాలిక మీద వేసుకోకూడదని. వడ్డించకముందే వంటమనిషి రుచి చూస్తే అది ఎంగిలి కింద లెక్క. ఉప్పు చాలిందో లేదో పైకి లేచే ఆవిరిని బట్టే తెలిసిపోవాలి. నిజంగానే తెలుస్తుంది, ఉప్పు పడని పప్పుకు ఒక చప్పిడి వాసన ఉంటుంది, పడ్డాక ఆ వాసన మారుతుంది. చదువుకున్నవాళ్ళు నవ్వుకుంటారేమో, నవ్వుకోనివ్వండి. అరవైకి దగ్గర పడేదాకా నేను ఒక్క గిన్నె ఎంగిలి చేయలేదు, ఒక్క కూరలో ఉప్పు తప్పలేదు, ఆ సంగతి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకున్నాను కూడా.

తేతా నాకు సరిగ్గా ఎదురు. పొద్దున్నే కాఫీ తాగి వంటింట్లో స్టూలు వేసుకుని కూర్చుంటే మళ్ళీ మధ్యాహ్నం భోజనానికే లేచేది. అయిదు నిమిషాలకొకసారి చెంచా తీసుకుని ప్రతి గిన్నెలోనూ పెట్టి చప్పరించి, అదే చెంచా మళ్ళీ గిన్నెలో పెట్టేది. నాకు ఒళ్ళు మండిపోయేది. మొదట్లో ఆవిడ కెలికిన కూర నేను తినేదాన్నే కాదు, విడిగా ఇంత చారు కాచుకునేదాన్ని. ఆవిడకు అర్థమై, కావాలనే నా చారులోనూ చెంచా పెట్టి చూసి, బాగుందని తల ఊపింది. ఆ రోజు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏళ్ళు గడిచేసరికి మా ఇద్దరి కీచులాటే మాకు కాలక్షేపం అయింది.

ఏటా పెద్ద యుద్ధం మాత్రం టర్కీ దగ్గరే. ఇంత పెద్ద కోడిని ఎలా వండాలన్నది ఇక్కడ ఇంటికొక పద్ధతి. పై వాటాలో ఉండే మలయాళీ నర్సమ్మ ముక్కలు కొట్టించి, మిరియాలూ కొబ్బరి ముక్కలూ వేసి వేపుడు చేసేది. పక్కింటి ఫిలిప్పీన్స్ అమ్మాయి కడుపులో నిమ్మగడ్డి కట్టలు కుక్కి కాల్చేది. మఫ్రఖ్ కూలీల క్యాంపులో ఉండే మా తమ్ముడి వరసవాడికి ఒకసారి కంపెనీ వాళ్ళు టర్కీలు పంచితే, కరీంనగర్ వాళ్ళూ వీడూ కలిసి గోంగూరలో వేసి పులుసు పెట్టుకున్నారట, ముక్క ఉడకడానికి పూట పట్టిందట. తేతా పద్ధతి లెబనాన్ పద్ధతి: కోడిని రాత్రంతా నానబెట్టి, వెన్న రాసి పొయ్యి పెట్టెలో కాల్చి, ఖీమా వేసి వండిన అన్నం కడుపులో కొంతా పళ్ళెంలో కొంతా పెట్టి, పైన వేయించిన బాదం, చిల్గోజా అనే సన్నటి పైన్ పప్పులు చల్లుతారు. అన్నం నాకు బాగానే ఉండేది, మన పలావుకు చుట్టమే కదా. నీచు పోవడానికి పసుపూ ఉప్పూ రాసి కడగకుండా కోడిని ముట్టుకోవడమే నా వల్ల కాలేదు. మొదటి ఏడాది ఆవిడ చూడకుండా రాసేశాను. కాల్చాక పెళ్ళికూతురిలా పచ్చగా తయారైంది. తేతా దాని చుట్టూ ఒకసారి తిరిగి, దీనికి పెళ్ళెప్పుడు అని అడిగింది. పసుపు వద్దని ఆవిడ, లేకపోతే నీచు అని నేను, చివరికి చిటికెడు దగ్గర రాజీపడ్డాం.

తాగడానికి చేసేవన్నీ ఆవిడే చెప్పి చేయించేది. ఖర్జూరం, ద్రాక్ష పాకంలో పన్నీరు పోసి, ఐసు వేసి, పైన చిల్గోజాలు తేలేసే జల్లాబ్ పిల్లలకు. పెద్దవాళ్ళకు ఒక ఎర్ర వైను సీసా. అందరికీ పుదీనా నిమ్మరసం. చింతపండు నానేసి చక్కెర కలిపి చల్లగా తాగుతారంటే నేను ముందు నమ్మలేదు, చారుకు పోపు వేయడం మరిచిపోయారనుకున్నాను. ఎండిన ఎర్రపూల రసం కర్కదే ఒకటుంది, పుల్లగా ఉంటుంది, అది మన గోంగూర జాతేనని తెలిశాక దాని మీద నాకు ప్రేమ పుట్టింది. వీటి మధ్య నా వంతుగా అల్లం, కరివేపాకు దంచి వేసిన మజ్జిగ ఒక జగ్గు పెట్టేదాన్ని, దాన్ని తేతా తప్ప ఎవరూ తాగేవారు కాదు.

కరోనా వచ్చిన ఏడాది అక్టోబరు చివర ఇంట్లో అందరికీ జ్వరం వచ్చింది. పిల్లలకు రెండు రోజుల్లో పోయింది, పెద్దవాళ్ళం వారం పడుకున్నాం. లేచి పొయ్యి వెలిగించిన రోజున నూనెలో జీలకర్ర వేశాను. చిటపటలాడింది, రంగు మారింది, వాసన లేదు. ఇంకొంచెం వేశాను. లేదు. ఇంగువ డబ్బా మూత తీసి ముక్కుకు ఆనించుకున్నాను, ఖాళీ డబ్బా పెట్టుకున్నట్టే ఉంది. నోట్లో ఉప్పు కల్లు వేసుకుంటే గులకరాయి వేసుకున్నట్టు ఉంది. నాకు నిజంగా భయం వేసింది.

షార్జాలో పనిచేసే మా ఆడపడుచుకు ఫోను చేసి చెప్పాను. వాళ్ళ వీధిలో మన వైపు వంటావిడకు ఇలాగే వాసన పోతే ఇంట్లోవాళ్ళు టికెట్టు కొని పంపేశారని చెప్పింది. "ముక్కు సంగతి ఎవరితోనూ అనకండి వదినా. వంటమనిషికి ముక్కు లేదంటే ఇంకేం ఉందండీ? మీ వీసా మళ్ళీ కొట్టేదాకా గమ్మునుండండి, ఆయ్," అంది. నా వీసా గడువు జనవరితో అయిపోతోంది. ఇంటాయనకు కంపెనీలో జీతం తగ్గించారని, ఇంట్లో డ్రైవరును మానిపించారని అప్పటికే తెలుసు. వంట తప్ప నాకు ఇంకో పని రాదు, ఆ వయసులో ఇంకో ఇల్లు వెతుక్కునే ఓపికా లేదు. వీసా గురించిన బెంగ ఒకరోజు తేతా దగ్గర మాత్రం అన్నాను. ముక్కు సంగతి ఆవిడకూ చెప్పలేదు. ఆవిడ నా చెయ్యి తట్టి, దేవుడు పెద్దవాడు అంది.

ఆ రెండు నెలలూ చేతి లెక్కతో నెట్టుకొచ్చాను. ఎన్ని చిటికెలు, ఎన్ని గుప్పిళ్ళు అని అలవాటైన వంటలు అలవాటుగా చేశాను. అనుమానం వచ్చినప్పుడు తేతా చెంచాయే దిక్కయింది. ఏ చెంచాను చూస్తే ఇన్నాళ్ళూ ఒళ్ళు మండేదో ఆ చెంచా కోసమే ఎదురు చూసేదాన్ని. ఆవిడ చప్పరించి, ఖలాస్, సరిపోయింది అంటే నా గుండె కుదుటపడేది. ఒకసారి ఆవిడ కూడా నన్ను, వాసన ఎలా ఉంది అని అడిగింది. బాగుంది తేతా అన్నాను. ఎప్పుడూ అడగని మనిషి ఎందుకు అడిగిందా అని నాకు తట్టనేలేదు.

క్రిస్మస్ వచ్చింది. ఆ ఏడాది చుట్టాలు లేరు, ఎవరింటికీ ఎవరూ వెళ్ళే రోజులు కావు. మనమే కదా, నువ్వూ మాతో బల్ల దగ్గర కూర్చో అని మేడమ్ నాకూ కుర్చీ వేయించింది. టర్కీ ఏడాదికొకసారి వండేది కనుక దానికి చేతి లెక్క లేదు, ఎప్పుడూ వాసన లెక్కే. ముందురోజు సాయంత్రం ఉప్పునీళ్ళు కలిపాను. చాలిందా అని తేతాను అడిగితే చెంచాతో చూసి, షువయ్య, కాస్త పడాలి అంది. వేశాను. మర్నాడు కడుపులో పెట్టే అన్నానికి అడిగితే మళ్ళీ షువయ్య. కోడి కారిన రసంతో చేసే గ్రేవీకీ అదే మాట. నా మనసుకు ఎక్కడో ఎక్కువేమో అనిపించింది, కానీ అనిపించడానికి నా దగ్గర ఆధారం ఏముంది? ఆవిడ నాలిక మీద భారం వేసి మూడుసార్లూ వేశాను.

కోడి చూడ్డానికి బ్రహ్మాండంగా వచ్చింది. ఇంటాయన కోసి అందరికీ వడ్డించారు, దండం పెట్టుకున్నారు, తినడం మొదలుపెట్టారు. చిన్నపిల్ల జల్లాబ్ గ్లాసు అందుకుంది. పెద్దది నిమ్మరసం ఒక్క గుక్కలో తాగేసింది. మేడమ్ నీళ్ళు, ఇంటాయన వైను, ఆ తరవాత నీళ్ళు, ఆ తరవాత ఎన్నడూ ముట్టని నా మజ్జిగ. ఎందుకింత దాహమో నాకు తెలియలేదు, నేను ముక్క నములుతూనే ఉన్నాను. తల ఎత్తి చూస్తే బల్లకు అటు చివర తేతా కూడా ప్రశాంతంగా నములుతోంది. ఆ బల్ల దగ్గర కంచంలోంచి చెయ్యి తీయనివాళ్ళం మేమిద్దరమే. ఆవిడ కూడా సరిగ్గా అప్పుడే నన్ను చూసింది. ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

చిన్నపిల్ల, ఇది సముద్రంలా ఉంది అంది. ఇంటాయన నా వైపు తిరిగారు. ఆయన కోపంగా లేరు, అడగబోయారంతే. అంతలో తేతా చెంచా కింద పెట్టి కొడుకుతో అంది:

"ఉప్పు నేనే వేశానురా. ఆవిడ ఒకసారి వేసింది, నేను మరిచిపోయి మళ్ళీ వేశాను. వద్దంటూనే ఉంది, నేను వినలేదు. ముసలిదాన్నయ్యాను."

నేను అప్పుడు నోరు విప్పాలి. విప్పలేదు. కోడిని పళ్ళెంతో సహా లోపలికి తీసుకెళ్ళి, మాంసం విడదీసి, బంగాళాదుంపలు వేసి, నీళ్ళు పోసి మళ్ళీ ఉడికించాను, అంతా దానితోనే పండుగ చేసుకున్నారు, నవ్వుకున్నారు కూడా. నా వీసా జనవరి రెండో వారంలో కొట్టించారు. అదే వారంలో మేడమ్ నన్ను పిలిచి, అత్తగారికి మతిమరుపు మొదలైనట్టుంది, గ్యాసు దగ్గరికి రానివ్వకు, మెల్లగా హాల్లో కూర్చోబెట్టు అని చెప్పింది. ఆ పని నా చేతే చేయించింది. తేతా నన్ను ఇబ్బంది పెట్టలేదు. మర్నాడు పొద్దున్న గుమ్మం దాకా వచ్చి, నా మొహం చూసి, యల్లా, కానీయ్, నీ పని నువ్వు చూసుకో అని తనే వెనక్కి తిరిగింది. తన నాలికకూ రుచి పోయిందని ఆవిడ ఎందుకు దాచుకుందో నాకు ఆ రోజు తెలిసింది. ఏది పోతుందని దాచుకుందో దాన్నే నా కోసం వదులుకుంది.

ఏప్రిల్లో ఒక ఉదయం నాకు కాలుతున్న ఉల్లిపాయ వాసన వచ్చింది. పరిగెత్తుకు వెళ్ళి తేతాకు చెప్పాను, ఇంకెవరికి చెప్పగలను. ఆవిడ తన నాలికను వేలితో తాకి, ఇంకా లేదు అన్నట్టు తల అడ్డంగా ఊపి, నా కోసం నవ్వింది. ఆ ఏడాది చలికాలం రాకముందే ఆవిడ పోయింది. ఆ మధ్య రోజుల్లో ఎన్నోసార్లు మేడమ్‌కు నిజం చెబుదామని గుమ్మం దాకా వెళ్ళి వచ్చాను.

పోయిన ఏడాది క్రిస్మస్ గిన్నెలు తోముతూ ఉంటే, మేడమ్ పక్కన నిలబడి తుడుస్తూ, ఆ కరోనా ఏడాది నీకు వాసన పోయింది కదూ అంది. పాలు మాడిపోతుంటే నేను పొయ్యి పక్కనే నిలబడి చూసుకోలేదని, ఆ నవంబరులోనే అర్థమైందని చెప్పింది. మరి నన్నెందుకు పంపేయలేదని అడిగాను. ఆమె ఆశ్చర్యంగా చూసింది. "నిన్నా? పంపడమేమిటి? అడిగితే నువ్వే సిగ్గుపడి వెళ్ళిపోతావేమోనని నేను అడగలేదు," అంది.

ఆ ఉప్పు సంగతి అప్పుడు చెప్పాను, మొత్తం. ఆమె తుడుస్తున్న గ్లాసు పక్కన పెట్టింది. తరవాత, పాపం, రోజూ వంటింటి వైపే చూస్తూ కూర్చునేది అంది. ఇప్పుడు టర్కీ బాగానే కుదురుతుంది. లోపల కాలిందో లేదో సూది గుచ్చి చూసే యంత్రం కొన్నారు, గ్రాముల్లో తూచే త్రాసు కొన్నారు, బల్ల దగ్గర ఎవరూ మంచినీళ్ళ కోసం వెతుక్కోరు, అందరూ నన్నే మెచ్చుకుంటారు. నా ఉద్యోగానికి ఆ రోజు ఏ ఆపదా లేదు. లేని ఆపద నుంచి నన్ను కాపాడడానికి ఆ పెద్దావిడ తన చివరి ఏడాది హాల్లో కూర్చుని గడిపింది.