అమ్మ పేరు ఙలుమోహె

టోంగా దేశపు లిఫుకా దీవిలో బిడ్డకు పేరు పెట్టే హక్కు మేనత్తది. ఆమె మాటను కాదనే నోరు ఆ దీవిలో ఇంకా పుట్టలేదు. లుసెయానీ అలాంటి మేనత్త. తమ్ముడు కితియోనెకు వరసగా పుట్టిన ముగ్గురు మగపిల్లలకూ తాతల పేర్లు పెట్టేసి, ఆడపిల్ల కోసం కాచుకుని కూర్చుంది. మొగలాకు ఎండబెట్టి, చీల్చి, మూడేళ్లపాటు ఒక సన్నచాప అల్లింది. ఆ చాపలో చుట్టే పిల్లకు ఏ పేరు పెట్టాలో ఎప్పుడో అనుకుంది. ఙలుమోహె. నిద్రపోయిన అల అని అర్థం. అది పోయిన తన తల్లి పేరు.

మనం పలక మీద ఙ దిద్దిన మర్నాటి నుంచి మళ్లీ దాని మొహం చూడం. అక్కడ పేర్లే దానితో మొదలవుతాయి. అయినా ఈ పేరు దీవి మొత్తంలో అమ్మ ఒక్కతికే ఉండేది. చర్చి ముందు నిలబడి మేలే అని పిలిస్తే ఏడు తలలు తిరుగుతాయి. ఙలుమోహె అని పిలిస్తే తిరిగేది ఒక్క తలే. ఆ తల నేల కిందికి చేరి పన్నెండేళ్లయింది, పేరు కూడా ఆమెతోనే పోయింది. అమ్మ రాదని లుసెయానీకి తెలుసు. ఆ పేరు ఎవరైనా కేకేస్తే వినాలని మాత్రం ప్రాణం కొట్టుకునేది.

నాలుగోసారి ఆడపిల్లే పుట్టింది. లుసెయానీ చాప చంకన పెట్టుకుని వెళ్లేసరికి పక్కింటి లూపే అప్పటికే చేరి ఉంది.

"మీ అమ్మ పేరు మాత్రం పెట్టకమ్మా," అంది లూపే. "మా మామ పేరు కూడా ఙతోనే కదా, కొత్త డాక్టరు దొర దాన్ని చదవలేక నగా, నంగా అని ముక్కుతో కుస్తీ పట్టాడు. రేపు దొరల బళ్లో ఈ పిల్ల గతేంటి?"

మరదలు మెలియామె నవ్వింది. బాలింత నీరసంలో వచ్చిన నవ్వది. లుసెయానీ కంటికి అది లూపే మాటకు ఒప్పుకున్నట్టే కనిపించింది.

"నీ మనసులో ఏ పేరుందే?"

"నాదేముంది వదినా. మీ నోట ఏదొస్తే అదే."

అక్క ఉన్న గదిలో ఎదిగిన తమ్ముడు కూర్చోడు. కితియోనె బయట మెట్టు మీద ఉన్నాడు, వీపు మాత్రం కనిపిస్తోంది. ఆ వీపు కదల్లేదు. కాదనలేని వాళ్లను అడిగి ఏం లాభం, ఇష్టంలేని పేరు పసిదాని మెడకు కట్టడం ఎందుకు అనుకుంది లుసెయానీ.

"కెలేసి," అంది. ఊళ్లో అప్పటికే నలుగురు కెలేసిలున్నారు.

చర్చిలో నీళ్లు చల్లి ఆ పేరే ఖాయం చేశారు. ఏడాది తిరిగేసరికి కితియోనె కొత్త పడవ కట్టాడు. సముద్రపు నాచు ఏరుకోవడానికి వెళ్లిన లుసెయానీ, ఒడ్డున ఆ పడవ ముక్కు మీది ఎర్రటి అక్షరాలు చూసి ఆగిపోయింది.

"ఇదేంటి తమ్ముడూ?"

అతను తల దించుకున్నాడు. "అమ్మ పేరక్కా. పాపకి మీరు పెడతారనుకున్నా. నలుగురు పుట్టేదాకా అదే ఆశ."

"నోరు తెరిచి చెప్పొచ్చు కదా."

"మేనత్త నోటికి పేరు అందించేంతటివాణ్ణా? పడవకి మేనత్త ఉండదు కదక్కా. అందుకని నేనే పెట్టుకున్నా."

లుసెయానీకి కోపం రాలేదు. ఆ మెట్టు మీద అతను ఒక్కసారి దగ్గి ఉంటే చాలు కదా అనుకుంది.

ఇప్పుడు రోజూ సాయంత్రం ఆమె అల్లిక పట్టుకుని ఒడ్డుకు వస్తుంది. "ఙలుమోహె వచ్చిందా?" అని ఎవరో కేకేస్తారు. "ఇంకా రాలేదు," అని ఇంకెవరో అంటారు. ఆమె చెయ్యి ఆగుతుంది. ఒళ్లో రెండేళ్ల కెలేసి దూరాన తెరచాపను అందరికన్నా ముందు కనిపెట్టేసి, ఎవరూ నేర్పకుండానే ఒక్క అక్షరం తప్పకుండా ఆ పేరు అరుస్తుంది. లుసెయానీ మళ్లీ పిలవమంటుంది.